బేగంపేట ఎంఎంటీఎస్: ఏ బండి వచ్చినా ఎక్కేయొచ్చు

హైదరాబాద్ లోకల్ రైళ్లు (ఎంఎంటీఎస్) ఆగే బేగంపేట స్టేషన్ కొత్త బిల్డింగ్ ఫొటోలు అందరూ పెట్టేశారు కాబట్టి దాని జోలికి ఎక్కువగా పోను. నాకు బేగంపేట స్టేషన్ నచ్చడానికి కారణం వేరే ఉంది. నాంపల్లి నుంచి నెక్లెస్ రోడ్ మీదుగా వచ్చే లైనూ, సికింద్రాబాద్ నుంచి సంజీవయ్య పార్క్ మీదుగా వచ్చే లైనూ ఇక్కడికి వచ్చేసరికి ఒకటైపోతాయి. నాది హైటెక్ సిటీలో ఉద్యోగం. తిరుగు ప్రయాణంలో నాంపల్లి బండైనా, సికింద్రాబాద్ మీదుగా పోయే ఫలక్‌నుమా బండైనా నాకు ఒకటే, రెండూ బేగంపేటలో ఆగుతాయి.

దీని విలువ ఓ వానాకాలం సాయంత్రం తెలిసింది. రోడ్లన్నీ నీళ్లు, క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి మరీ క్యాన్సిల్ చేశాడు. తడుస్తూ హైటెక్ సిటీ స్టేషన్‌కి వెళ్తే ప్లాట్‌ఫామ్ మీద ఇసకేస్తే రాలని జనం. బండి కనపడగానే అందరిదీ ఒకటే ప్రశ్న, "నాంపల్లా, ఫలక్‌నుమానా?" నాంపల్లి లైన్లో ఖైరతాబాద్ వెళ్లాల్సిన మా కొలీగ్ ముందున్న బోర్డు చదవడానికి మెడ సాచి చూస్తూ ఉండిపోయాడు, అది ఫలక్‌నుమా బండి. నేను దూరిపోయాను. ఫతేనగర్ దాటాక కిటికీలోంచి చూస్తే కార్ల లైట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అతను ఇల్లు చేరానని మెసేజ్ పెట్టేసరికి నేను భోజనం కూడా చేసేశాను.

అలాగని రోజూ ఇంత సుఖం ఉంటుందనుకోకండి. ఇది 1874లో నిజాం హయాంలో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వేసిన లైను, 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు దానికంటూ విడిగా పట్టాలు వేయలేదు, ఎక్స్‌ప్రెస్‌లు కూడా వీటి మీదే పోవాలి, కాబట్టి లోకల్ బండి దారివ్వక తప్పదు. మధ్యాహ్నం పూట రెండు బండ్ల మధ్య గ్యాప్ చూస్తే నీరసం వస్తుంది. పైగా ఏ బండైనా మనదే అన్న సుఖం అటు నాంపల్లికో ఇటు ఫలక్‌నుమాకో పోవాల్సినవాళ్లకి ఉండదు, నా ఇల్లు బేగంపేట స్టేషన్ దగ్గర్లోని ప్రకాశ్‌నగర్‌లో ఉండబట్టి నాకు చెల్లింది. 2025 మేలో స్టేషన్‌ని కాకతీయుల శైలిలో ముస్తాబు చేసి తెరిచారు, బాగానే ఉంది, కానీ బండ్లు పెరగందే నాకు పెద్ద తేడా లేదు.

టికెట్ ఐదో పదో రూపాయలు. టైమ్ కాస్త అటూఇటూ అయినా పర్లేదనుకునే ఆఫీసు, నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు ఉంటే కళ్లు మూసుకుని పాస్ తీసుకోండి. తొమ్మిదింటికల్లా పంచ్ కొట్టాల్సినవాళ్లయితే మెట్రో కార్డు కూడా జేబులో ఉంచుకోండి, నేనూ ఉంచుకుంటాను.