శీతల పరమాణు ప్రయోగం: ముందు సిమ్యులేషనా, నేరుగా పరికరమా, ఏది మేలు?

లేజర్లతో పరమాణువులను చల్లబరిచే ప్రయోగానికి పూనుకునేవారు ముందుగా ప్రతిదీ కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి చూసుకోవాలా, లేక పరికరాన్ని నిలబెట్టి దాని మీదే సర్దుకుంటూ పోవాలా? నా అభిప్రాయంలో, ఒకసారి తయారయ్యాక మార్చడం కష్టమైన భాగాలకు సిమ్యులేషన్ మేలు, నాబ్ తిప్పితే మారే విలువలకు పరికరమే మేలు.

జీమన్ స్లోయర్‌నే తీసుకుందాం. ఎదురుగా వచ్చే లేజర్‌తో పరమాణువుల వేగాన్ని తగ్గించే, చుట్టూ తీగ చుట్టిన గొట్టం ఇది; వేగం తగ్గుతున్నా పరమాణువులు లేజర్ పట్టులోనే ఉండేలా ఆ తీగ అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. రుబీడియం-87 పరమాణువు వేగాన్ని 780 నానోమీటర్ల లేజర్ సెకనుకు గరిష్ఠంగా 1.1 లక్షల మీ/సె చొప్పున తగ్గించగలదు. జాగ్రత్త కోసం అందులో సగమే లెక్కలోకి తీసుకుంటే, 350 మీ/సె వేగంతో వచ్చే పరమాణువును ఆపడానికి దాదాపు 1.1 మీటర్ల గొట్టం కావాలి. ఇంతవరకు కాగితం, కలం చాలు. అయితే తీగను ఎక్కడ ఎన్ని చుట్లు చుట్టాలో, అయస్కాంత క్షేత్రం కాస్త తప్పితే ఎన్ని పరమాణువులు లేజర్ పట్టు నుంచి జారిపోతాయో, ఎన్ని పక్కలకు చెదిరిపోతాయో వేలాది పరమాణువుల గమనాన్ని లెక్కించి చూస్తే తప్ప తెలియదు. ఆ లెక్క చేయకుండా గొట్టం బిగించి, శూన్యం సాధించిన తరువాత లోపం బయటపడితే, అంతా విప్పి మళ్లీ మొదటి నుంచి రావలసిందే.

బాష్పీభవన శీతలీకరణ (ఎక్కువ శక్తి గల పరమాణువులను బయటికి పోనిచ్చి మిగిలినవాటిని చల్లబరచడం) సంగతి వేరు. పరమాణువుల అభిఘాతాలను మాంటే కార్లో పద్ధతిలో (యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో) చక్కగానే లెక్కించవచ్చు గాని, లేజర్ పుంజం ఎంత పక్కకు జరిగిందో, గదిలోని క్షేత్రాలు ఎంత ఊగుతున్నాయో ఆ లెక్కకు తెలియదు. పరికరంలోనైతే ఒక్కో ప్రయత్నం తరచుగా నిమిషంలోపే ముగుస్తుంది. ఈ శీతలీకరణ క్రమాన్ని పనిచేస్తున్న పరికరం మీదే మెషీన్ లెర్నింగ్‌తో సరిదిద్ది, బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను (అతిశీతల పరమాణువులు ఒకే క్వాంటం స్థితిలోకి చేరే దశను) సాధించినట్లు ఆస్ట్రేలియా బృందమొకటి 2016లో ప్రచురించింది.

సిమ్యులేషన్‌ను నమ్మేముందు అందులో ఏ భౌతికశాస్త్రాన్ని వదిలేశామో చూసుకోవాలి. రెండు శక్తిస్థాయిల పరమాణువును ఊహించుకుంటే సోడియానికి డాప్లర్ హద్దు, అంటే ఆ ఊహ ప్రకారం లేజర్‌తో చేరుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత, 240 మైక్రోకెల్విన్లు. ఎంత సూక్ష్మంగా లెక్కించినా ఆ నమూనా అంతకన్నా కిందికి దిగదు. అమెరికా భౌతికశాస్త్రవేత్త విలియం ఫిలిప్స్ బృందం 1988లో కొలిచినప్పుడు వచ్చినది సుమారు 40. శక్తిస్థాయిల్లోని ఉపస్థాయిలను, కాంతి ధ్రువణంలోని (కాంతి తరంగం కంపించే దిశలోని) మార్పులను కలుపుకున్నాకనే ఫ్రాన్స్ భౌతికశాస్త్రవేత్తలు కోహెన్-టనూజీ, దాలిబార్ వంటివారు దానికి కారణం చెప్పగలిగారు.

పరమాణువుల మధ్య అన్యోన్యచర్య బలహీనంగా ఉన్న కండెన్సేట్‌కు, దాన్నంతటినీ ఒకే తరంగంగా వర్ణించే గ్రాస్-పిటేవ్‌స్కీ సమీకరణం నమ్మదగినదే. బలమైన అన్యోన్యచర్యలు గల పరమాణు జాలకంలో (లేజర్ కాంతితో గళ్లుగా పేర్చిన పరమాణువుల్లో) మాత్రం, ఒక్కొక్కటి రెండు స్థితుల్లో ఉండగల 40 పరమాణువులకే కంప్యూటర్ లక్ష కోట్లకు పైగా సంఖ్యలను దాచుకోవాలి. అక్కడ కొద్ది పరమాణువుల ఫలితాన్ని కంప్యూటర్‌తో సరిచూసుకుని, ఆపై సంఖ్యను పరికరంలోనే పెంచుకుంటూ పోవడం మేలు.