కొత్తపేటలో ఈఈజీ: తీయడం బాగుంది, సంతకం దగ్గరే తిరకాసు

గుంటూరు కొత్తపేటలోని ఈ ల్యాబ్‌లో ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష) శుభ్రంగా తీస్తారు. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మంటారు. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ (సంకేతాలు పట్టే చిన్న బిళ్ల) చర్మానికి సరిగా ఆనదు, గీతల్లో మెదడు సంకేతాల బదులు గోల కనిపిస్తుంది. తలను టేపుతో కొలిచి, 10-20 పద్ధతిలో (తల కొలతలో 10, 20 శాతం దూరాల్లో చోట్లు గుర్తించి) 21 ఎలక్ట్రోడ్లు పేస్టుతో అంటిస్తారు. మధ్యలో 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీయిస్తారు, కళ్లముందు లైటు మినుకుమనిపిస్తారు. ఆ పేస్టు వదలాలంటే రెండుసార్లు షాంపూ పెట్టాల్సిందే!

తిరకాసు సంతకం దగ్గర. పరీక్షకు ఒప్పుకునే కాగితంలోనే, అడుగున సన్న అక్షరాలతో, రికార్డింగ్‌ను పరిశోధనకు వాడుకుంటామని ఇంగ్లిషులో కలిపేశారు. ఇది పద్ధతి కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనకు సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలి, మనిషికి అర్థమయ్యే భాషలో అడగాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఇష్టం లేకపోతే ఆ లైను కొట్టేసి సంతకం పెట్టండి. అందుకని పరీక్ష ఆపకూడదు.

విభాగం హెడ్ మేడమ్. అడిగితే తెలుగులో ఓపిగ్గా చెబుతారు. కౌంటర్లో మాత్రం ఆవిడ సంతకం చేసిన రిపోర్టుకే "సార్‌ని కూడా ఓసారి అడుగుదాం" అంటారు. ఆ సారేమో ఆవిడ కింద జూనియర్. ఈ తంతుతో రిపోర్టు ఓ పూట ఆలస్యం.