జడ్జి నియామకంపై సెనేటర్‌కు మన మాట చేరాలంటే ఏది మేలు?

అమెరికాలో ఫెడరల్ జడ్జిగా కూర్చున్నవారు సాధారణంగా జీవితాంతం ఆ పదవిలో ఉంటారు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తారు, సెనేట్ ఆమోదిస్తుంది. సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులు. ఇక్కడ ఓటు హక్కు ఉన్న తెలుగువాళ్లు ఆ ఇద్దరికీ తమ అభిప్రాయం చెప్పడానికి నాలుగు దారులున్నాయి: వెబ్‌సైట్‌లోని ఫారం, ఫోను, ఉత్తరం, స్వయంగా వెళ్లి కలవడం. నాలుగింటికీ ఒకే విలువ ఉంటుందనుకుంటే నిరాశ తప్పదు.

ముందుగా ఒక మాట. జడ్జి విషయంలో, కాంగ్రెస్‌ (అమెరికా పార్లమెంటు)లోని రెండో సభ అయిన హౌస్ (ప్రతినిధుల సభ) సభ్యుడికి ఫోను చేసి లాభం లేదు. అక్కడున్న 435 మందిలో ఒక్కరికీ ఈ నియామకాల్లో ఓటు లేదు. మనవాళ్లు చాలామంది తమకు ముఖపరిచయం ఉన్న హౌస్ సభ్యుడికే రాసి, పని అయిందనుకుంటారు.

ఇండియాలో పెరిగినవాళ్లకు ఈ హక్కే కొత్త. అక్కడ హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల పేర్లు సిఫారసు చేసేది సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం. ఆ పద్ధతి మార్చాలని పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎంపీకి ఓటే లేనప్పుడు ఆయన్ను అడగాలన్న ఆలోచనా రాదు. ఇక్కడ మన సెనేటర్‌కు ఓటు ఉంది. ఆయన వినకపోతే కడుపు మండేది అందుకే.

వెబ్ ఫారంలో సుఖం ఏమిటంటే రాత్రి పదకొండింటికైనా నింపవచ్చు. పేరు, చిరునామా, జిప్ కోడ్ ఇచ్చి, జాబితాలోంచి ఒక అంశం ఎంచుకోవాలి. మనం ఎంత వివరంగా రాసినా, అవతల సిబ్బంది చాలాసార్లు చూసేది ఏ అంశం, అనుకూలమా వ్యతిరేకమా అన్నదే. ఆ విభాగానికి ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబు వస్తుంది. ఒక నామినీని (జడ్జి పదవికి ప్రతిపాదించిన వ్యక్తిని) తిరస్కరించమని కారణాలతో సహా నేను రాస్తే, సెనేట్‌లో ఓటింగు ముగిశాక జవాబు వచ్చింది. అందులో ఆ నామినీ అర్హతల వర్ణన ఉంది, సెనేటర్ ఆమోదానికి ఓటేశారన్న వార్త ఉంది, నా అభిప్రాయానికి ధన్యవాదాలూ ఉన్నాయి. నేను ఎత్తిచూపిన తీర్పుల ఊసే లేదు. అసమ్మతి తెలిపితే పోనీ అనుకునేదాన్ని, అసలు చదివిన ఆనవాలే లేకపోవడం బాధ.

ఉత్తరానికి గౌరవం ఎక్కువనే నమ్మకం ఇంకా ఉంది. కానీ 2001లో సెనేటర్ల కార్యాలయాలకు ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ క్రిములున్న ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి క్యాపిటల్‌కు (కాంగ్రెస్ భవనానికి) వెళ్లే తపాలాను వేరే చోట రేడియేషన్‌తో శుద్ధి చేసి, పరీక్షించి పంపుతున్నారు. దాంతో ఆలస్యం మామూలే. ఏమీ కోనీ బారెట్ అనే జడ్జిని 2020 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టుకు ప్రతిపాదిస్తే అక్టోబరు 26కల్లా 52-48తో ఆమోదం అయిపోయింది. అంత తక్కువ వ్యవధిలో వాషింగ్టన్‌కు ఉత్తరం రాసి కూర్చోవడం శుద్ధ దండగ. రాయాలనే ఉంటే మన రాష్ట్రంలోని సెనేటర్ కార్యాలయానికి పంపండి.

ఫోను దగ్గర కొంచెం ఆగాలి. క్యాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121కు చేసి సెనేటర్ పేరు చెబితే కలుపుతారు. వివాదం ముదిరిన రోజుల్లో లైను దొరకదు, వాయిస్ మెయిల్ నిండిపోయి ఉంటుంది. అప్పుడు రాష్ట్రంలోని కార్యాలయాల నంబర్లు వరసగా ప్రయత్నించాలి, అక్కడ రద్దీ తక్కువ. ఎత్తేది సాధారణంగా చదువుకుంటూ పనిచేస్తున్న ఇంటర్న్. పేరు, ఊరు, జిప్ కోడ్ అడిగి, అనుకూలమో వ్యతిరేకమో రాసుకుంటారు. వారితో వాదనకు దిగి ప్రయోజనం లేదు, విసుక్కోవడం అన్యాయం కూడా. పేరు, ఊరు, నామినీ పేరు, మన కోరిక, ఒకే ఒక కారణం, అంతే చెప్పాలి. ఆ తర్వాత తప్పక ఒక ప్రశ్న వేయాలి: "సెనేటర్ గారు తన నిర్ణయం ప్రకటించారా?" ఇంకా పరిశీలిస్తున్నారంటే మర్నాడు మళ్లీ చేయడానికి అర్థం ఉంది. ప్రకటించేశారంటే మన ఫోను ఓటును మార్చడం కష్టం. సుప్రీంకోర్టు నామినీల మీద చర్చ ముగించడానికి 2017 ఏప్రిల్ దాకా 60 ఓట్లు కావలసి వచ్చేవి, ఇప్పుడు మెజారిటీ చాలు. కాబట్టి అసలు బరువంతా ఎటూ తేల్చుకోని ఇద్దరు ముగ్గురి మీదే పడుతుంది.

అలాంటివారి విషయంలో ఎదురుగా నిలబడి మాట్లాడటానికి సాటి లేదు. 2018 సెప్టెంబరు 28న ఉదయం అరిజోనా సెనేటర్ జెఫ్ ఫ్లేక్, లైంగిక దాడి ఆరోపణలు ఎదుర్కొంటున్న సుప్రీంకోర్టు నామినీ బ్రెట్ కావనాకు ఓటేస్తానని ప్రకటించారు. కొద్దిసేపటికే సెనేట్ భవనంలో లిఫ్ట్ ఎక్కిన ఆయన్ను ఇద్దరు మహిళలు నిలదీశారు. తలుపు మూసుకోనివ్వకుండా, తమ ముఖం చూసి మాట్లాడమన్నారు. ఆయన తల దించుకుని విన్నారు. ఆ మధ్యాహ్నమే, సభలో ఓటింగుకు ముందు ఆ ఆరోపణలపై వారం దాకా ఎఫ్‌బీఐ విచారణ జరగాలని కోరారు, అది జరిగింది. చివరికి ఆయన అనుకూలంగానే ఓటేశారు, కావనా 50-48తో నెగ్గారు. ఫలితం మారలేదు, అయినా ఓ వారంపాటు సెనేట్ ఆగింది. మనందరికీ వాషింగ్టన్ వెళ్లే వీలుండదు కానీ రాష్ట్ర కార్యాలయంలో అపాయింట్‌మెంట్ అడగవచ్చు. నలుగురైదుగురు కలిసి వెళితే మంచిది. కాంగ్రెషనల్ మేనేజ్‌మెంట్ ఫౌండేషన్ కాంగ్రెస్ సిబ్బందిని అడిగి చేసిన సర్వేల్లోనూ, ఇంకా నిర్ణయించుకోని సభ్యుల మీద నియోజకవర్గ ప్రజలు స్వయంగా కలవడమే ఎక్కువ పనిచేస్తుందని తేలింది.

ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు నా సలహా ఇది: వెబ్ ఫారం నింపి సరిపెట్టుకోకండి, రాష్ట్ర కార్యాలయానికి ఫోను చేయండి, అదీ నామినీని మొదట పరిశీలించే సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ఓటింగుకు ముందే. సెనేటర్ ఇంకా తేల్చుకోలేదని తెలిస్తే సెలవు పెట్టి అయినా వెళ్లండి.

సుప్రీంకోర్టు నియామకం అనగానే అందరం లేస్తాం గానీ, మన మాటకు ఎక్కువ చోటున్నది జిల్లా స్థాయి ఫెడరల్ కోర్టుల దగ్గర. అక్కడి నామినీకి సొంత రాష్ట్ర సెనేటర్లు ఇద్దరూ సమ్మతి తెలుపుతూ 'బ్లూ స్లిప్' అనే నీలి కాగితం తిరిగి పంపాలన్నది ఆనవాయితీ. ఒక్కరు ఆపినా సాధారణంగా ఆ పేరు ముందుకు కదలదు. కొందరు సెనేటర్లు పేర్లు సూచించడానికి లాయర్లతో ఎంపిక కమిటీలే వేస్తారు. ఏయే కోర్టుల్లో ఖాళీలున్నాయో ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. మీ రాష్ట్రంలో ఖాళీ కనిపిస్తే, ఇంకా ఎవరి పేరూ బయటికి రాకముందే ఫోను చేసి, పేర్లు ఎవరు చూస్తున్నారో, ప్రజల అభిప్రాయం ఎక్కడికి పంపాలో అడగండి.