ఎండుమిర్చి గింజా, ప్యాకెట్ విత్తనమా, నర్సరీ నారా: మిద్దె మీది మిరపకు ఏది మేలు?

హైదరాబాద్‌లో మా మిద్దె మీద ఎనిమిది కుండీల్లో మిరప ఉంది. పప్పులోకో కూరలోకో రోజూ ఐదారు కాయలు కోసుకుంటాం. మా నలుగురికి అది చాలు. ఇక్కడిదాకా రావడానికి మాత్రం నాకు మూడేళ్లు పట్టింది. మట్టి బాగాలేక కాదు, ఎండ చాలక కాదు. ఎక్కడి గింజతో మొదలుపెట్టాలో తెలియక. అందుకే ఇప్పుడు ఎవరైనా మిరప వేస్తున్నామంటే నేను ముందు అడిగేది ఒకటే: గింజ ఎక్కడిది?

దారులు మూడున్నాయి. వంటింటి డబ్బాలోని ఎండుమిర్చి గింజ, విత్తనాల షాపులో ప్యాకెట్, నర్సరీలో నారు మొక్క. మూడూ వేసి చూశాను.

మొదటి ఏడాది అందరిలాగే పోపుకి తుంచిన ఎండుమిర్చి గింజలు కుండీలో చల్లాను. పైసా ఖర్చు లేదు. పది రోజులకు సగం దాకా మొలిచాయి. చూసి ఎంత సంతోషపడ్డానో! తీరా కాపుకొచ్చాక ఒక్కో చెట్టు ఒక్కో తీరు. ఒకదానికి పొడుగు కాయలు, ఒకదానికి పొట్టివి, ఇంకోటి గుబురుగా పెరిగి పూత పూసి రాల్చేసింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య చూసి, "కాయ సంగతి తెలీకుండా గింజ ఎట్టా వేశావమ్మాయ్?" అంది. ఆవిడ గుంటూరు దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి మిరప పండించిన మనిషి.

ఆవిడ చెప్పాకే నాకు అర్థమైంది. కిరాణా కొట్టులో కిలో లెక్కన కొనే ఎండుమిర్చిలో హైబ్రిడ్, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన చెట్ల కాయలు కూడా ఉంటాయి. హైబ్రిడ్ గింజ మళ్లీ వేస్తే తల్లి చెట్టు గుణం నిలవదు, చీలిపోతుంది. పైగా ఆ కాయ కల్లంలో ఎన్నాళ్లు ఎండిందో, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలు ఉందో మనకు తెలియదు. ఇంకో సంగతి, కాయకుళ్లు తెగులు గింజతో పాటే వస్తుంది. తెల్లగా పాలిపోయిన తాలు కాయ, మచ్చ ఉన్న కాయ ఏదైనా సరే, దాని గింజ వేయకూడదు. పిల్లలకు మొలక ఎలా వస్తుందో చూపించడానికైతే ఎండుమిర్చి గింజ బాగుంటుంది. కాపు కోసం మాత్రం నేను మళ్లీ దాని జోలికి పోలేదు.

రెండో ఏడాది ఓపిక లేక నర్సరీకి వెళ్లాను. నారు మొక్క తెస్తే నెలన్నర కలిసొస్తుంది, ఆ మాట నిజమే. గింజ వేస్తే మొలకకు వారం పది రోజులు, నాటే ఈడుకు ఇంకో ఐదారు వారాలు, మొదటి కోతకు మళ్లీ రెండు నెలల పైనే. ఆరు మొక్కలు తెచ్చాను. ఏ రకం అని అడిగితే "మిర్చి" అన్నారు, అంతే. చివరి ఆకులు కొంచెం పైకి ముడుచుకుని, అంచులు లేచి చిన్న పడవల్లా ఉన్నాయి. నీళ్లు చాలక అలా ఉన్నాయేమో అనుకున్నాను. రెండు వారాల్లో పక్క కుండీలోని వంగకూ ముడత కనిపించింది. భూతద్దం తెచ్చి ఆకు తిప్పి చూస్తే, ఈనె పక్కన బియ్యపు నూకలో పదో వంతు ఉండే పసుపచ్చ గీతలు పాకుతున్నాయి. అవే తామర పురుగులు.

ఇక్కడ కాస్త ఆగి ముడతల తేడా చెప్పాలి. మిరప వేసిన ప్రతి ఇంట్లోనూ పొరపాటు జరిగేది ఇక్కడే. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు. అంచులు కిందికి తిరిగి, తొడిమ సాగి, ఆకు తిరగేసిన పడవలా ఉంటే తెల్లనల్లి. ఆకులు చిన్నవై, కుచ్చులా గుమిగూడి, మొక్క ఎదగకుండా గిడసబారితే తెల్లదోమ తెచ్చిన వైరస్. మొదటి రెండింటినీ అదుపు చేయొచ్చు. రోజు మార్చి రోజు పొద్దున్నే ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు కొట్టి కడగాలి. వారానికోసారి సాయంత్రం పూట లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి పిచికారీ చేయాలి. తామర పురుగుకు నీలి రంగు జిగురు అట్ట కడితే ఇంకా మేలు. నల్లికి మాత్రం నీళ్లలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది. వైరస్‌కు మందు లేదు. ఆ మొక్కను ఎంత ప్రేమగా పెంచినా సరే, పీకేయాల్సిందే.

2021-22లో తామర పురుగుల్లోనే ఇంకో రకం, నల్ల తామర పురుగు, గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల్ని ఏం చేసిందో మనం చూశాం. మందుల మీద మందులు కొట్టి కూడా నిలబెట్టలేక తోటలు దున్నేసిన రైతులున్నారు. అంత మొండి పురుగును చేజేతులా మిద్దె మీదకు తెచ్చుకోకూడదు కదా! నర్సరీ మొక్కే కావాలంటే కొనే ముందు చివరి రెండు ఆకులు చదునుగా ఉన్నాయో లేదో చూడండి. ఆకు తిప్పి అడుగు చూడండి. చిన్న కవర్లోనే పూత పూసేసిన మొక్క వద్దు, దాని వేరు చుట్టలు చుట్టుకుపోయి ఉంటుంది. ఇంటికి తెచ్చాక కూడా రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా, వేరే మూల పెట్టండి.

మూడో ఏడాది ప్యాకెట్ కొన్నాను. ఇందులో చూడాల్సింది ఒక్కటే: హైబ్రిడ్ అని ఉందా, సూటి రకమా (అంటే గింజ దాచి మళ్లీ వేసినా అదే తీరుగా కాసేది). హైబ్రిడ్ కాపు బాగా ఇస్తుంది, కానీ ప్రతి ఏడాదీ మళ్లీ కొనాలి. పొలానికి సరిపోయే ప్యాకెట్‌లో వెయ్యికి పైగా గింజలుంటాయి, మనకు కావాల్సింది పాతికే. గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 353 లాంటివి సూటి రకాలు. వాటి గింజ దాచుకోవచ్చు. మొలక బాగా వచ్చింది, చెట్లన్నీ ఒకే తీరుగా కాశాయి, కారం కూడా మా ఇంటికి సరిపోయింది. ప్యాకెట్ గింజకు మందు పట్టించి రంగు పూస్తారు కాబట్టి చేతికి కవర్ తొడుక్కుని నాటండి, పిల్లలకు ఇవ్వకండి.

కాబట్టి నా తీర్పు ఇది. మొదటి ఏడాది సూటి రకం ప్యాకెట్, రెండో ఏడాది నుంచి మీ చెట్టు గింజే. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ కాసిన చెట్టును గుర్తుపెట్టుకోండి. పూత విచ్చక ముందే నాలుగు మొగ్గలకు పల్చటి బట్ట సంచి కట్టి, పిందె పడ్డాక విప్పి గుర్తుకు దారం చుట్టండి. మిరపకు పక్క చెట్టు పుప్పొడి తేలిగ్గా అంటుకుంటుంది. బజ్జీ మిరప పక్కన పెడితే మామూలు మిరపకు కారం తగ్గిపోతుందంటారు గానీ, ఆ ఏడాది కాయకు ఏమీ కాదు. తేడా వచ్చేది గింజలో, మరుసటి ఏడాది చెట్టులో. కాయ చెట్టు మీదే ఎర్రగా పండాక కోసి నీడన ఆరబెట్టి గింజ తీయండి. నిజానికి కారం గింజలో పుట్టదు, గింజ అంటుకుని ఉండే తెల్లటి బొడిపెలో ఉంటుంది. అది తగిలే చేతులు మండేది. ముందే కొంచెం నూనె రాసుకుంటే మేలు.

ప్యాకెట్ దొరక్కపోతే నాలుగో దారి ఒకటుంది. పండుమిరప పచ్చడి పెట్టే రోజుల్లో మార్కెట్‌కు వచ్చే తాజా పండుమిరపకాయలు. ఎండుమిర్చి కంటే ఇవి ఎంతో నయం, కాయ కళ్ల ముందే ఉంటుంది, గింజ కొత్తది. అదీ హైబ్రిడ్ కావచ్చు, కాబట్టి నాలుగు కాయల నుంచి తీసుకుని వేసి చూడాలి. ఈసారి పచ్చడికి వరంగల్ చపాటా తెచ్చాం, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం. టమాటాలా లావుగా, ముదురు ఎరుపు, కారం తక్కువ. నాలుగు మంచి కాయల గింజ తీసి బూడిద కలిపి గాజు సీసాలో పెట్టాను. జూన్‌లో తొలకరి పడగానే రెండు కుండీల్లో వేస్తాను, కారం మిరపకు దూరంగా, మెట్ల వైపు.