పాపకు వాడిన జింక్ మాత్ర: పద్నాలుగు రోజుల అనుభవం

గత వానాకాలంలో మా పదహారు నెలల పాపకు విరేచనాలు పట్టుకున్నప్పుడు, డాక్టరుగారు ఓఆర్ఎస్‌తో పాటు నీళ్ళలో కరిగే 20 మిల్లీగ్రాముల జింక్ మాత్రలు రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులకు రాశారు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మందుల షాపులో పది మాత్రల స్ట్రిప్ ఒకటి, ఇంకో స్ట్రిప్ నుంచి కత్తిరించిన నాలుగు మాత్రలు ఇచ్చారు. ఆ కత్తిరించిన ముక్క మీద గడువు తేదీ లేదు. అడిగితే మిగిలిన భాగం తెచ్చి చూపించారు.

చెంచాడు కాచి చల్లార్చిన నీళ్ళలో వేస్తే మాత్ర నిమిషంలోపే పలుకు లేకుండా విడిపోయింది. నారింజ వాసన బాగానే ఉంది కానీ, రెండో రోజు పాప ఉమ్మేస్తే నేనూ నాలుకకు రాసుకుని చూశాను: తీపి పోగానే కిలుము పట్టిన ఇత్తడి గ్లాసు రుచి మిగిలింది. ఆ రోజు నుంచి తల్లిపాలలో కలిపి పట్టాను, తాగేసింది.

నాలుగో రోజుకు విరేచనాలు కట్టాయి. "తగ్గిపోయింది కదమ్మా, ఇంకా మందెందుకు?" అన్నారు మా అత్తగారు. ఆ ప్రశ్నకు జవాబు మన శరీరం జింక్‌ను నడిపే తీరులోనే ఉంది. పెద్దవారి ఒంట్లో మొత్తం రెండు మూడు గ్రాముల జింక్ ఉంటే, అందులో చాలా భాగం కండరాల్లో, ఎముకల్లో ఇమిడిపోయి ఉంటుంది. ఎక్కువగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా ఉండదు. అవసరమైనప్పుడు తీసి వాడుకునే గాదె లాంటిది ఈ ఖనిజానికి లేదు. పైగా జీర్ణరసాలతో పేగులోకి వచ్చిన జింక్ మామూలుగా కొంత తిరిగి ఒంటబడుతుంది, విరేచనాల్లో అదీ పోతుంది. ఆ లోటు పూడడానికే ఈ పద్నాలుగు రోజులు.

పేగు గోడ చేసే కాపలా నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. అక్కడి కణాల పైభాగాన ఉండే జిప్4 అనే ప్రోటీన్ జింక్‌ను లోపలికి తీసుకుంటే, అడుగున ఉండే జడ్ఎన్‌టీ1 దాన్ని రక్తంలోకి పంపుతుంది. జింక్ తక్కువైనప్పుడు జిప్4 కణం పైపొరకు ఎక్కువగా చేరుతుంది, ఎక్కువైనప్పుడు అక్కడి నుంచి తప్పుకుంటుంది. మిగులును మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది, కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోయినప్పుడు అదీ బయటికి పోతుంది. అయితే ఈ మెటలోథయోనిన్ రాగిని మరింత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, ఎక్కువ మోతాదులో నెలల తరబడి జింక్ వాడితే రాగి లోపం వస్తుంది. ఆ షాపులోనే "బలానికి మీరూ వాడండి మేడమ్" అంటూ 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు చూపించారు. పెద్దవారికి రోజుకు 40 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితిగా చెబుతారు గనుక వద్దన్నాను. డాక్టరు రాయనిదే వాటిని అంటగట్టడం నాకు నచ్చలేదు.

పెట్టెలోని కాగితం చీమతలకాయంత అక్షరాలతో ఇంగ్లీషులోనే ఉండడం ఈ మందుకున్న పెద్ద లోపం. చోళ్ళు (రాగులు), పప్పుల్లోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను పట్టేసుకుని పేగుకు అందనివ్వదన్న సంగతి అందులో ఎక్కడా లేదు. పాపకు రోజూ చోడి అంబలి పెట్టే ఇల్లు మాది. అందుకే పిండిని రాత్రి పులియబెట్టి కాచాను, పులిస్తే ఫైటేట్ కొంత తగ్గుతుంది. మాత్రను మాత్రం అంబలికి దూరంగా, సాయంత్రం పూట ఇచ్చాను.

మాత్ర మంచిదే, మళ్ళీ అవసరమైతే ఇదే కొంటాను. కాకపోతే ఈసారి గడువు తేదీ ఉన్న వైపు నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మంటాను.