బైకు ప్రమాదం తరువాత: పెద్దల రాజీ మేలా, ట్రిబ్యునల్ మేలా?

గత దాళ్వా కోతల్లో మా తమ్ముడికి ప్రమాదం జరిగిన నాటి నుంచి తెలిసినవారందరూ ఈ ప్రశ్నే అడుగుతున్నారు: ఊరి పెద్దల దగ్గర రాజీ పడాలా, ప్రమాద పరిహారం తేల్చే కోర్టయిన ట్రిబ్యునల్లో కేసు వేయాలా అని. రాత్రి ఎనిమిదింటికి కాలవగట్టు మీద బైకుపై వస్తూ, ధాన్యం బస్తాలతో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కును అతడు వెనుక నుంచి ఢీకొన్నాడు. కాలి ఎముక విరిగింది. ట్రక్కుకు వెనుక దీపం లేదు. రిఫ్లెక్టరు ఉండవలసిన చోట ఎండిన బురద ఉంది.

రాజీలో డబ్బు త్వరగా చేతికి వస్తుంది, ఊళ్లో ముఖాలు చాటేసుకోవలసిన అవసరం రాదు. అయితే కట్టు విప్పకముందే కాలు ఎంతవరకు వంగుతుందో ఎవరికీ తెలియదు. పైగా ఫిర్యాదు ఇవ్వకూడదన్నదే రాజీలో మొదటి షరతు. బండికి ఇన్సూరెన్సు లేక, యజమాని ఆస్తి కూడా అంతంతమాత్రమైనప్పుడు మాత్రం, చేతికందే సొమ్మును తోసిపుచ్చడం తెలివైన పని కాదు.

ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద వేసే కేసులో వైద్యం, పోయిన ఆదాయం, శాశ్వత వైకల్యం అన్నీ లెక్కకు వస్తాయి. ప్రమాదం భీమవరం దగ్గర జరిగినా, అమలాపురం వాసి తాను నివసించే పరిధిలోనే దాఖలు చేయవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయాలంటూ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన గడువుపై సుప్రీంకోర్టులో వివాదం నడిచినప్పటికీ, ఆ లోపే వేయడం క్షేమం.

నా దృష్టిలో అసలు తేల్చేది తప్పు ఎవరిదన్న దానికి మొదటి రెండు రోజుల్లో దొరికే ఆధారం. వెనుక నుంచి గుద్దినవాడిదే తప్పని మనవాళ్లు తేలికగా అనేస్తారు, ఇన్సూరెన్సు వారూ అదే వాదిస్తారు. కానీ ఇతరులకు ప్రమాదకరమయ్యేలా బండిని రోడ్డుపై వదలడాన్ని 122వ సెక్షను నిషేధిస్తోంది. క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కరలేదు. ఎక్కువ సంభావ్యత ఎటు ఉందో చూపితే చాలు. ఇద్దరిదీ తప్పని తేలితే బాధితుడి వాటా మేరకు పరిహారం తగ్గుతుంది. బైకుపై ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో, ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ సంబంధం చూపకుండా కోత పెట్టరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుచేత దీపం లేని ట్రక్కు ఫొటో, రోడ్డు వెడల్పు రాసిన పంచనామా, ఆలస్యం లేని ఎఫ్‌ఐఆర్ ఉంటే నేను ట్రిబ్యునల్ వైపే మొగ్గుతాను. మర్నాడు ఉదయానికి ఆ ట్రక్కు అక్కడ ఉండదు. ఉన్నా, బురద కడిగేసి ఉంటుంది.

ఆధారాలు చేజారినవారికి 164వ సెక్షను ఉంది. తప్పు నిరూపించనవసరం లేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరగడం తీవ్ర గాయమే. అయితే కాలు పూర్తిగా పనికిరాకుండా పోయినా అంకె మారదు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం వేరే ఉంది.

ఇరుపక్షాల రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌ను వేరే దారిగా కాక, కేసు వేశాక మధ్యలో వచ్చే మజిలీగా చూడాలి. అక్కడి అవార్డుపై అప్పీలు లేదు కనుక వైకల్య ధ్రువపత్రం చేతికి రాకముందు ఒప్పుకోకూడదు.

మేము కేసే వేశాం. కిందటి వాయిదాకు ఇన్సూరెన్సు తరఫు న్యాయవాది మా తమ్ముడి హెల్మెట్ గురించి కాక, ఆ రాత్రి తీసిన ఫొటోల గురించే ఎక్కువసేపు అడిగారు.