ట్రైకోడెర్మా విరిడి పొడి: మిద్దె తోట నారుకు కొనదగిందేనా?

సాయంత్రం నిటారుగా ఉన్న టమాట నారు తెల్లారేసరికి ఒక పక్కకు వాలిపోయి ఉంటుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. మొలకను వేలితో లేపి చూస్తే, మట్టిని ఆనుకున్న చోట కాండం నీరుపట్టి, మెత్తబడి, దారంలా సన్నబడి కనిపిస్తుంది. ఇదే నారుకుళ్ళు తెగులు. జూన్‌లో ముసురు పట్టిందంటే హైదరాబాద్ మిద్దె తోటల్లో, ముఖ్యంగా ఇంట్లో కలుపుకున్న మట్టితో నింపిన ట్రేలలో, ఇది తప్పకుండా పలకరిస్తుంది. దీనికి మందు అడిగితే దుకాణాల్లో సాధారణంగా ఇచ్చేది ట్రైకోడెర్మా విరిడి 1 శాతం పొడి. కొనొచ్చు, మంచి సరుకే. కాకపోతే విత్తడానికి పది రోజుల ముందే కొనాలి. నారు పడిపోయాక తెచ్చి చల్లితే పెద్దగా ఫలితం ఉండదు.

ఎందుకంటే ఈ పొడిలో ఉన్నది రసాయనం కాదు, బతికున్న ఒక శిలీంధ్రం. నారును కుళ్ళబెట్టే పిథియం, రైజోక్టోనియా లాంటి వాటికంటే ముందే అది మట్టిలో వేళ్ళ చుట్టూ చోటు, తిండి ఆక్రమించుకోవాలి. వాటి పోగులకు చుట్టుకుని తినేయాలి. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. పిథియం మాత్రం తడి, వెచ్చదనం దొరికితే రెండు మూడు రోజుల్లో ట్రే మొత్తం పాకిపోతుంది. ఆలస్యంగా వేసిన ట్రైకోడెర్మా దాన్ని అందుకోలేదు.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. గ్రాముకు కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ, అంటే మొలకెత్తగల కణాలు, అని ఉండాలి. కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ మూడూ కనిపించాలి. గడువు ఇంకా ఉన్నా, ఎండ పడే అద్దాల పక్కన, రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలలు గడిపిన ప్యాకెట్ వద్దు. ఆ వేడికి లోపలి జీవం చచ్చిపోయి వట్టి సుద్దపొడి మిగిలే ప్రమాదం ఉంది. తయారై మూడు నాలుగు నెలలు దాటనిది దొరికితే మంచిది. ఎక్కువమంది అడిగేది విరిడి రకమే అయినా హార్జియానమ్ అనే ఇంకో ట్రైకోడెర్మా రకం కూడా ఇదే పని చేస్తుంది. మన రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ వృద్ధి చేసిన టీహెచ్‌4డీ ఆ కోవదే.

ప్యాకెట్ మీద అనుమానం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు గ్లాసుల్లో చెంచాడు చొప్పున సగం ఉడికిన అన్నం వేసి చల్లార్చండి. ఒకదాంట్లో చిటికెడు పొడి కలపండి, రెండోది ఊరికే వదిలేయండి. పైన గుడ్డ కట్టి నీడలో ఉంచండి. నాలుగైదు రోజుల్లో పొడి కలిపిన గ్లాసులో ముందు తెల్లటి నూగు, తర్వాత ముదురాకుపచ్చ పూత రావాలి. దగ్గరకెళ్తే పచ్చికొబ్బరి లాంటి వాసన కూడా రావచ్చు. అయితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము పీల్చకూడదు. రెండు గ్లాసుల్లోనూ ఒకేలాంటి బూజు వస్తే ఆ పరీక్ష చెల్లదు, మళ్ళీ చేయాలి.

పొడిని నేరుగా మట్టి మీద చల్లడమే చాలామంది చేసే పొరపాటు. దానికి తిండి కావాలి. పొలాల్లో 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, కిలో నుంచి రెండు కిలోల ట్రైకోడెర్మా లెక్కన కలిపి మాగబెడతారు. మిద్దె తోటకు అదే లెక్క తగ్గించుకుంటే నాలుగున్నర కిలోల వర్మీకంపోస్టుకు అరకిలో వేపపిండి, 50 నుంచి 100 గ్రాముల పొడి సరిపోతాయి. గుప్పిట్లోకి తీసుకుని పిండితే ముద్ద కట్టాలి కానీ నీళ్ళు కారకూడదు, ఆ తడి ఉండాలి. నీడలో గుట్టగా పోసి తడి గోనెసంచి కప్పి, మూడు రోజులకోసారి తిరగేయండి. వారం నుంచి పది రోజుల్లో పైన పచ్చటి పూత కనిపిస్తే సిద్ధమైనట్టే. ఎండలో పెడితే ఇదంతా వృథా. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఇది బాగా పెరుగుతుంది, 40 దాటితే పని ఆగిపోతుంది. అంటే మే నెల స్లాబు మీద దీన్ని మాగబెట్టకూడదు, మెట్ల కింద పెట్టుకోవాలి.

అదే మే నెల ఎండ ఇంకో పనికి బంగారం. ఇంటి మట్టిలో, ముఖ్యంగా పాత కుండీల నుంచి దులిపిన మట్టిలో, నిరుటి తెగులు నిద్రపోతూ ఉంటుంది. ఆ మట్టిని బాగా తడిపి, 15 సెంటీమీటర్లకు మించని మందంతో పరిచి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు కప్పి, అంచులు గాలి చొరకుండా మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల షీటు వద్దు, దాని కింద మట్టి అంతగా వేడెక్కదు. ఇలా ఎండబెట్టిన మట్టిలో మంచి సూక్ష్మజీవులు కూడా తగ్గిపోతాయి. ఖాళీ అయిన ఆ చోటును మొదట చేరింది ఆక్రమిస్తుంది, అది పిథియం కాకూడదు. అందుకే షీటు తీసి మట్టి చల్లారగానే ట్రైకోడెర్మా మాగబెట్టిన ఎరువు కలపాలి. ఈ వరుస తప్పితే ఎండబెట్టిన కష్టం పోయినట్టే.

మట్టి మిశ్రమం విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: ఆ ఎండబెట్టిన మట్టి కుండీలకే, నారు ట్రేలో ఎర్రమట్టి అవసరం లేదు. కడిగిన కోకోపీట్ రెండు పాళ్ళు, కడిగిన ఇసుక ఒక పాలు, పైన చెప్పిన ఎరువు ఒక పాలు, అంతే. 98 గుంతల ట్రేకు కోకోపీట్ ఒక్కటే నింపితే సుమారు 1.2 కిలోలు పడుతుంది, దాన్నిబట్టి కొలుచుకోండి. వంటింటి కంపోస్టు సరిగా మాగకపోతే, అంటే తొక్కల ఆనవాళ్ళు, పులిసిన వాసన ఇంకా ఉంటే, అది ట్రేలోకి రాకూడదు. పచ్చి ఎరువు పిథియంకు విందు. పాత ట్రేలు వాడుతుంటే ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి అరగంట నానబెట్టి కడిగేయండి.

విత్తనానికి పట్టించే మోతాదు కిలోకు 10 గ్రాములు. ఇంటి తోటకు కొనే విత్తన ప్యాకెట్లలో ఉండేది గ్రాముల్లోనే కాబట్టి చిటికెడు చాలు, చుక్క గంజితో తడిపి పట్టించి నీడలో ఆరబెట్టండి. గులాబీ, ఆకుపచ్చ రంగు పూత ఉన్న హైబ్రిడ్ విత్తనాలకు ఇది పట్టించకండి. ఆ రంగులో సాధారణంగా థైరమ్ లాంటి, శిలీంధ్రాలను చంపే మందు ఉంటుంది. వాటికి మట్టిలో కలిపినదే చాలు.

ఎంత మంచి ప్యాకెట్టయినా నీళ్ళ తప్పును సరిదిద్దలేదు. ట్రేను అంగుళం నీళ్ళున్న పళ్ళెంలో 20 నిమిషాలు ఉంచి తీసి వడకట్టేయండి, అదీ ఉదయం పూటే. సాయంత్రం పైనుంచి పోసిన నీళ్ళు రాత్రంతా కాండం మొదలును తడిగా ఉంచుతాయి. టమాట, వంగ, మిరప గింజలు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతుకు మించకూడదు. గుంతకు ఒకటే గింజ వేయండి. గుత్తులుగా మొలిస్తే గాలి ఆడదు, ఒకటి పడితే పక్కవన్నీ పడతాయి.

ఇక నారు పడటం మొదలైపోతే ఈ పొడిని పక్కన పెట్టండి. పడిన మొలకలను, వాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల మట్టితో సహా తీసి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు. నీళ్ళు ఆపండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, అంటే బ్లైటాక్స్ లాంటిది, కలిపి మిగిలిన నారు మొదళ్ళు తడపండి. తీవ్రంగా ఉంటే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు. చేతికి తొడుగులు తప్పనిసరి. వారం, పది రోజులకు ఇంకోసారి తడపాలి. ఒట్టి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశని అమ్ముతామంటే వద్దనండి. అది రైజోక్టోనియాకు పనికొస్తుంది కానీ పిథియంను తాకదు, పైగా ట్రైకోడెర్మాను చంపేస్తుంది. కాపర్ వాడిన ట్రేలో మళ్ళీ ట్రైకోడెర్మా వేయాలంటే కనీసం రెండు వారాలు ఆగాలి.

తోటకూర, మెంతి, కొత్తిమీర మడులకు మాత్రం ఈ రసాయనాలేవీ వద్దు. మూడు నాలుగు వారాల్లో కోసి తినే ఆకు అది. పడిపోయిన మేరకు గీరి పారేసి, పైమట్టి ఆరనిచ్చి, పలచగా మళ్ళీ చల్లుకోవడమే మేలు. విత్తనం ఖర్చు ఎలాగూ తక్కువే.

ఇరవై కుండీల తోటకు కిలో ప్యాకెట్ మరీ ఎక్కువ. పావుకిలో దొరక్కపోతే అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి కొని, తెరిచిన నెలలోపే పంచుకుని వాడేయండి. మిగిలినది మూతి బిగించి, చీకటిగా, చల్లగా ఉండే అలమరలో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు.